గోల్కొండ మీర్ జుమ్లా మాదన్న: ఖజానా, బకాయి, తల

(సభకు రాలేకపోయిన వారి కోసం రికార్డింగు విని టైపు చేసిన ప్రసంగ పాఠం. తడబాట్లు మాత్రమే తీసివేశాం.)

సభకు నమస్కారం. గోల్కొండ కోట చూడని వారు ఈ హాల్లో ఎవరూ ఉండరనుకుంటాను. బాలాహిస్సార్ దర్వాజా దగ్గర చప్పట్లు కొట్టి, ఆ చప్పుడు కొండ మీదికి వినిపిస్తుందో లేదోనని అందరమూ పరీక్ష చేసిన వాళ్లమే. అక్కడి నుంచి లోపలికి నడిచేటప్పుడు దారిలో కొన్ని శిథిలమైన గదులు కనిపిస్తాయి. గైడు అక్కడ అర నిమిషం ఆగి "ఇవి అక్కన్న మాదన్నల కచేరీలు" అని చెప్పి, వెంటనే రామదాసు బందీఖానా ఎటుందో చెయ్యి చూపిస్తాడు. అందరూ అటు వెళ్లిపోతారు. మొదటిసారి నేనూ అలాగే వెళ్లిపోయాను. ఉద్యోగంలో చేరి, బిల్లులూ బకాయిలూ చూడడం మొదలుపెట్టి కొన్నేళ్లయిన తరువాత మళ్లీ వెళ్లినప్పుడు మాత్రం ఆ గదుల దగ్గరే ఆగిపోయాను. నేను చరిత్ర ఆచార్యుణ్ణి కాను. ఖజానా శాఖలో ముప్పై ఒక్క సంవత్సరాలు పనిచేసి రిటైరైన వాణ్ణి. కాబట్టి గోల్కొండ సుల్తాను కొలువులో ఆర్థిక మంత్రిగా ఉన్న మాదన్నను గురించి నేను చెప్పేది ఒక లెక్కల గుమాస్తా మరొక లెక్కల మనిషిని చూసిన చూపు మాత్రమే అని మొదటే మనవి చేసుకుంటున్నాను.

నన్ను వేధించిన ప్రశ్న ఒక్కటే. 1685లో మొగలులు గోల్కొండ ముందు పెట్టిన షరతుల్లో ఒకటి కప్పం బకాయి, ఇంకొకటి మాదన్న పదవి. బకాయి తీరలేదు, మాదన్న తల తెగింది. మరి ఆనాడు ఖజానాలో డబ్బు లేదా? ఉంది. ఎంత ఉందో చివర చెబుతాను. డబ్బు చేతిలో ఉంచుకుని బకాయి పెట్టిన ఆర్థిక మంత్రిని ఏమనాలి? లోభి అనాలా, మొండివాడనాలా, లేక అతనికి తెలిసిన లెక్క మనకు తెలియదనుకోవాలా?

ముందు ఆ పదవి సంగతి చూద్దాం. కుతుబ్‌షాహీల కొలువులో ఆదాయ వ్యయాలు చూసే మంత్రిని మీర్ జుమ్లా అనేవారు. పేరుకు పేష్వా, అంటే ప్రధాన మంత్రి, పెద్ద, కాని డబ్బు ఎవరి చేతిలో ఉంటే పెత్తనం అటే జరుగుతుంది కదా! మాదన్న కంటే ముందు ఈ పదవిలో ఉన్న మహమ్మద్ సయ్యద్ అర్దిస్తానీ అనే ఇరానీ వర్తకుడు ఎంత పెరిగాడంటే, మీర్ జుమ్లా అన్న ఉద్యోగం పేరే అతని సొంత పేరుగా చరిత్రలో నిలిచిపోయింది. వజ్రాల వ్యాపారం, సొంత ఓడలు, కర్ణాటకం (అంటే నేటి కర్ణాటక కాదు, ఆనాటి దక్షిణపు తెలుగు తమిళ సీమ) గెలిచి తెచ్చుకున్న సొంత సైన్యం, సొంత ఫిరంగులు. చివరికి రాజు అబ్దుల్లా కుతుబ్‌షా అతనికి భయపడి 1655లో అతని కొడుకును ఖైదు చేయిస్తే, అతడు నేరుగా మొగలుల పక్షాన చేరిపోయాడు. ఆ మరుసటి ఏడాదే ఔరంగజేబు గోల్కొండ మీద పడ్డాడు. ఆర్థిక మంత్రి శత్రువుతో కలిస్తే ఏమవుతుందో గోల్కొండ అలా తెలుసుకుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, మాదన్న దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ పనికి వస్తుంది.

ఖజానాకు డబ్బు ఎలా వచ్చేది? ఇజారా ద్వారా. అంటే శిస్తు వసూలు చేసే హక్కును వేలం వేసేవారు. ఎక్కువ పాడిన వాడికి పరగణా (అంటే కొన్ని ఊళ్ల సముదాయం), రేవు, ఏదైనా సరే. 1618 నుంచి 1622 వరకు మచిలీపట్నంలో ఉన్న ఇంగ్లీషు కంపెనీ ఉద్యోగి విలియం మెథ్‌వల్డ్ దీన్ని కళ్లకు కట్టినట్లు రాసిపెట్టాడు. ఏటా జులైలో పాట జరిగేది. పాడినవాడు అప్పు తెచ్చి పాడేవాడు, ఆ అప్పును రైతు మీద రాబట్టేవాడు, గడువుకు కట్టలేకపోతే దెబ్బలు తినేవాడు. 1614లో మచిలీపట్నం గవర్నరుగా ఉన్న ఒక బ్రాహ్మణుడు సర్కారుకు కట్టవలసిన సొమ్ము కట్టలేకపోయాడు. వీపు మీద, అరికాళ్ల మీద, పొట్ట మీద బెత్తాలతో కొట్టారు. ఆ దెబ్బలకే అతను చనిపోయాడు. ఒక రేవు పట్టణానికి గవర్నరు అండీ! మా రోజుల్లో బకాయి పడితే మెమో వచ్చేది, మహా అయితే సస్పెన్షను. ఆనాటి కొలువులో బకాయి అన్న మాట వినగానే మనిషికి ఏం గుర్తుకు వచ్చి ఉంటుందో ఒకసారి ఊహించండి.

ఇజారాలు కాక ఇంకా రాబడులున్నాయి. కొల్లూరు వజ్రాల గనిలో తవ్వించే వర్తకుడు కూలీల సంఖ్యను బట్టి రోజువారీ రుసుము కట్టాలి, వజ్రాల కొనుగోలు మీద నూటికి రెండు వంతులు రాజుకు ఇవ్వాలి అని ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియే రాశాడు. తీరంలో అద్దకం బట్టల ఎగుమతి ఉంది. 1672లో కుదిరిన కౌలు ప్రకారం చెన్నపట్నం ఇంగ్లీషు వాళ్లు ఏడాదికి 1,200 వరహాలు గోల్కొండకు కట్టేవారు. తరువాతి కాలంలో మనల్ని ఏలినవారు ఆనాడు మనకు అద్దె కట్టి ఉన్నారన్న మాట. ఆ సంగతి నాకు చదివిన ప్రతిసారీ కొంచెం సంతోషంగానే ఉంటుంది, దాచుకోవడం ఎందుకు!

ఇక మాదన్న. ఇంటిపేరు పింగళి, ఊరు హనుమకొండ, తండ్రి భానూజీ పంతులు అని చెప్పుకుంటారు. నియోగి బ్రాహ్మణ కుటుంబం. కలిగినవారు కారు. నియోగుల చేతిలో ఆనాడు ఉన్న ఆస్తి కలం. గ్రామంలో కరణీకం, పరగణాలో దేశపాండ్యా, అంటే శిస్తు లెక్కల పని, పైన సర్కారు దఫ్తరు, ఈ మూడింటిలోనూ వాళ్లే. గోల్కొండ ఫర్మానాలు కొన్ని పారసీలోనూ తెలుగులోనూ పక్కపక్కన రాసేవారంటే, ఆ రెండవ సగం చదివే, రాసే మనుషులు కొలువుకు ఎంత అవసరమో తెలుస్తుంది. మాదన్న అలాంటి వాడుగానే సయ్యద్ ముజఫర్ అనే ప్రభువు దగ్గర గుమాస్తాగా చేరి, అతని వ్యవహారాలన్నీ చక్కబెట్టేవాడయ్యాడు.

1672లో అబ్దుల్లా కుతుబ్‌షా చనిపోయినప్పుడు మగ సంతానం లేదు. అల్లుళ్ల మధ్య తగవు వచ్చింది. చిన్నల్లుడు అబుల్ హసన్‌ను, మనందరికీ తెలిసిన తానీషాను, గద్దె ఎక్కించింది ఈ సయ్యద్ ముజఫరే. ఎక్కించిన వాడు ఊరికే ఉంటాడా? మీర్ జుమ్లా పదవి తీసుకుని రాజును బొమ్మను చేశాడు. రాజు ముజఫర్‌ను దింపాలనుకున్నాడు. ఎలా? కత్తితో అయ్యే పని కాదు, సైన్యం ముజఫర్‌ది. అప్పుడు రాజు చూపు మాదన్న మీద పడింది. మాదన్న ముజఫర్ కింది సరదారులను ఒక్కొక్కరినే రాజు వైపు తిప్పాడు. ఎవరికి ఎంత జీతం బాకీ ఉందో, ఎవరు దేనికి లొంగుతారో ముజఫర్ కంటే అతని గుమాస్తాకే బాగా తెలిసి ఉండాలి, ఇది నా ఊహ. రక్తం చిందకుండా ముజఫర్ పదవి పోయింది. 1674 నాటికి మాదన్న మీర్ జుమ్లా. బిరుదు సూర్యప్రకాశరావు. సోదరుడు అక్కన్నకు అధికారంలో భాగం, మేనల్లుడు రుస్తుంరావుకు సేనలో పదవి, మరొక బంధువు పొదిలి లింగన్నకు చెన్నపట్నం చుట్టుపక్కల పెత్తనం.

ఇందులో నమ్మకద్రోహం లేదా? ఉంది. ఉప్పు తిన్న యజమానిని దింపి ఆ పీట మీదే కూర్చున్నాడు, ఆ తరువాత బంధువులను నింపాడు. నేను మాదన్న తరఫు వకీలుగా రాలేదు. అయితే రాజు వైపు నుంచి చూడండి. వెనుకటి మీర్ జుమ్లాకు సొంత సైన్యం ఉండేది, ఎదురు తిరిగాడు. తరువాతి వాడికీ సైన్యం ఉండేది, రాజును బంధించాడు. మాదన్నకు సైన్యం లేదు, కలం ఒక్కటే ఉంది. రాజుకు అతన్ని మించిన భద్రమైన మంత్రి దొరకడు. అదే మాదన్న బలం. అతని చావుకు కారణం కూడా అదే అని నా అభిప్రాయం.

ఇప్పుడు అసలు లెక్క. దయచేసి ఈ అంకెలు కొంచెం ఓపికగా వినండి, ఎందుకంటే మాదన్న కథ అంతా వీటిలోనే ఉంది. 1636లో షాజహాను గోల్కొండ చేత ఒక లొంగుబాటు పత్రం రాయించుకున్నాడు. ఏడాదికి 2 లక్షల హొన్నులు కప్పం. హొన్ను అంటే మన వరహా, బంగారు నాణెం. మొగలుల లెక్క వెండి రూపాయల్లో నడుస్తుంది. ఆనాటి మారకం హొన్నుకు 4 రూపాయలు. కాబట్టి గోల్కొండ ఏటా 8 లక్షల రూపాయలు చెల్లిస్తూ వచ్చింది. క్రమంగా బంగారం ధర పెరిగింది. హొన్ను నాలుగున్నర అయింది, 1654 నాటికి 5 రూపాయలైంది. అప్పుడు దక్కను సుబేదారుగా, అంటే మొగలుల తరఫు పాలకుడిగా ఉన్న ఔరంగజేబు ఏమన్నాడు? ఒప్పందం హొన్నుల్లో ఉంది, మీరు పాత ధరకు రూపాయలు కట్టారు, తేడా తెండి అన్నాడు. ఆ తేడా మొత్తం 20 లక్షలు.

ఎప్పుడైనా చూశారా ఇంత చక్కని ఆడిట్ అభ్యంతరం? గోల్కొండ ఒక్క ఏడాది కూడా కప్పం ఎగ్గొట్టకపోయినా మారకం మారిన పాపానికి 20 లక్షలు బకాయి పడిపోతుంది. నిజానికి కప్పం కూడా సరిగా కట్టలేదనుకోండి, అది వేరే బకాయి. 1656లో ఔరంగజేబు హైదరాబాదును కొల్లగొట్టి, గోల్కొండను ముట్టడించి, చివరికి ఢిల్లీ ఆజ్ఞ వస్తే వెనక్కి తగ్గాడు. తగ్గేముందు కోటి రూపాయల దండుగ ఒప్పించాడు, రామగిరి ప్రాంతం తీసుకున్నాడు, రాజు కూతురిని తన కొడుకుకు చేసుకున్నాడు. అంత తీసుకున్నాక ఖాతా మూసేశాడా? లేదు. కప్పం అలాగే ఉంది, బకాయి మళ్లీ పెరగడం మొదలుపెట్టింది.

మాదన్న చేతికి వచ్చిన ఖాతా ఇది. ఎంత కట్టినా మూతపడని ఖాతా. అప్పటికి ఢిల్లీ గద్దె మీద ఉన్నవాడు ఆ 20 లక్షల అభ్యంతరం రాసిన ఔరంగజేబే.

ఇలాంటి ఖాతాలో డబ్బు ఎక్కడ పెట్టాలి? మాదన్న జవాబు 1677లో కనిపిస్తుంది. ఆ ఏడాది మొదట్లో శివాజీ హైదరాబాదు వచ్చాడు. నగరమంతా అలంకరించి ఆహ్వానించారు. మాదన్న ఇంట్లో విందు జరిగిందని, తల్లి స్వయంగా వండి పెట్టిందని ఒక మాట ఉంది. జరిగే ఉంటుంది, కాని నాకు ఆ విందు కంటే ఒప్పందం ముఖ్యం. కర్ణాటక దండయాత్ర ఖర్చుకు గోల్కొండ శివాజీకి రోజుకు 3,000 హొన్నులు ఇస్తుంది, ఫిరంగులు ఇస్తుంది, 5,000 మంది సైన్యం ఇస్తుంది. గెలిచిన దానిలో గోల్కొండకు వాటా.

రోజుకు 3,000. మీ దగ్గర ఫోనులో లెక్కల యంత్రం ఉంటుంది, తీసి చూడండి. రెండు లక్షల హొన్నుల కప్పం అంటే శివాజీకి ఇచ్చే అరవై ఏడు రోజుల ఖర్చు. మొగలుకు ఏడాది పొడుగునా ఇవ్వవలసినది, మరాఠాకు రెండు నెలల వారం రోజుల్లో ఇస్తున్నాడు! అక్కడ బకాయి పెట్టి ఇక్కడ రొక్కం ఇవ్వడంలో ఉద్దేశం స్పష్టంగా లేదూ? ఢిల్లీకి ఇచ్చిన హొన్ను ఆ మరుసటి సంవత్సరం మన మీదికే గుర్రమై వస్తుంది. శివాజీకి ఇచ్చిన హొన్ను ఢిల్లీ గుర్రానికి అడ్డం నిలుస్తుంది. పాండిచ్చేరిలో ఉన్న ఫ్రెంచి అధికారి ఫ్రాన్స్వా మార్టిన్ మాత్రం దీన్ని వేరుగా చదివాడు. కర్ణాటకాన్ని మళ్లీ హిందువుల ఏలుబడిలోకి తేవాలని, శివాజీని బలమైన అండగా చేసుకోవాలని మాదన్న ఆలోచన అని అతను రాశాడు. అండ అన్న మాటతో నాకు పేచీ లేదు. మొదటి మాట దగ్గర మాత్రం సందేహం ఉంది. ఎందుకంటే 1685లో ఇదే మాదన్న మంత్రిగా ఉన్న గోల్కొండ, బీజాపూరు సుల్తాను సికందరును మొగలుల నుంచి కాపాడడానికి 40,000 మందిని పంపుతానంటుంది. మతం చూసి పెట్టిన పెట్టుబడి అయితే బీజాపూరు ఎందుకు వస్తుంది ఆ ఖాతాలోకి? ఢిల్లీకీ గోల్కొండకూ మధ్య ఎవరు నిలబడితే వాళ్లకు డబ్బు, అంతే.

పెట్టుబడి లాభించిందా? లేదు. శివాజీ జింజి గెలిచాడు, వెల్లూరు గెలిచాడు, గోల్కొండకు వాటా మాత్రం ఇవ్వలేదు. అతడు 1680లో చనిపోయాడు. ఆ తరువాత అతని కొడుకు శంభాజీకి లక్ష హొన్నులు పంపారన్నది కూడా ఔరంగజేబు మోపిన నేరాల జాబితాలో ఉంది.

ఇక్కడ రామదాసు గారి మాట ఎత్తకపోతే మీరు నన్ను వేదిక దిగనివ్వరు. నేలకొండపల్లి వారు, కంచెర్ల గోపన్న, పాల్వంచ పరగణా తహసీల్దారు. శిస్తు సొమ్ముతో భద్రాచలం గుడి కట్టించి, సర్కారుకు బాకీ పడి, గోల్కొండ చెరలో పన్నెండేళ్లు ఉన్నాడని మన ఇళ్లలో చెప్పుకునే కథ. అక్కన్న మాదన్నలు ఆయనకు మేనమామలని కూడా అదే కథ చెబుతుంది. మరి మేనమామ మీర్ జుమ్లా అయి ఉండగా మేనల్లుడు చెరలో ఎలా ఉన్నాడు? చిన్నప్పుడు ఇది నాకు మాదన్న మీద కోపం తెప్పించిన సంగతి. ఉద్యోగంలో చేరాక కోపం పోయింది. పరగణా సొమ్ము వాడేసిన తహసీల్దారు మీర్ జుమ్లా బంధువు అయితే, ఆ మీర్ జుమ్లా సంతకం పెట్టి విడిపించగలడా? కొలువులో తన పదవి మీద కన్నేసిన సరదారులు చుట్టూ ఉండగా? ఒక్క సంతకం చాలు వాళ్లకు. ఇంకొక విచిత్రం చూడండి. ఆ చెరలో పాడినట్లు చెప్పే కీర్తనలో ప్రాకారానికి పదివేల వరహాలైందని, సీతమ్మ పతకానికి పదివేల మొహరీలైందని పద్దు పద్దుగా ఖర్చు రాముడికి అప్పజెప్పడం ఉంటుంది. భక్తుడు పాడినా అది తహసీల్దారు పాట అని నాకనిపిస్తుంది. మేనమామకు చూపించవలసిన లెక్కను దేవుడికి చూపించాడు.

ఇక చివరి ఘట్టం. 1685 వేసవిలో తానీషా తన వకీలుకు, అంటే రాయబారికి, రాసిన ఉత్తరం ఒకటి మొగలుల చేతిలో పడింది. ఇందాక చెప్పిన 40,000 మంది సాయం అందులోని మాటే. జులైలో ఔరంగజేబు తన కొడుకు షా ఆలంను హైదరాబాదు మీదికి పంపాడు. గోల్కొండ సేన మల్ఖేడ్ దగ్గర అడ్డుకుని నెలల తరబడి నిలబడింది. అక్టోబరులో గోల్కొండ సేనాపతి మీర్ మహమ్మద్ ఇబ్రహీం మొగలుల పక్షాన చేరిపోయాడు. రాజు రాత్రికి రాత్రి హైదరాబాదు వదిలి కోటలోకి వచ్చి తలదాచుకున్నాడు. వెనుక నగరం లూటీ అయింది.

అప్పుడు కుదిరిన షరతులు వినండి. బకాయి కింద 1 కోటి 20 లక్షల రూపాయలు. ఏటా కప్పం 2 లక్షల హొన్నులు. మల్ఖేడ్, సేడం వదులుకోవాలి. మాదన్ననూ అక్కన్ననూ కొలువు నుంచి తొలగించాలి. అంటే కోటి ఇరవై లక్షల పక్కన, మల్ఖేడ్ పక్కన, మాదన్న కూడా ఒక పద్దు. పన్నెండేళ్లు పద్దులు రాసినవాడు తానే పద్దుగా మారాడు.

రాజు వెంటనే తొలగించలేదు. నెలలు గడిపాడు. మిగిలిన పద్దుల కంటే ఇది తీర్చడం సులభమని అంతఃపురంలో పెద్ద రాణులు, కొలువులో సరదారులు అనుకున్నారు. డబ్బు కట్టాలంటే ఖజానా తెరవాలి, ఊళ్లు ఇవ్వాలంటే జాగీర్లు పోతాయి. మాదన్నను ఇస్తే ఎవరికీ ఏమీ పోదు. అతని వెనుక సైన్యం లేదని చెప్పాను కదా! 1686 మార్చిలో ఒక రాత్రి సోదరులిద్దరూ రాజు దగ్గర సెలవు తీసుకుని ఇంటికి వెళుతుండగా, కోటలోని వీధిలోనే జంషీద్ అనే బానిసా అతని మనుషులూ మీద పడి చంపారు. రుస్తుంరావునూ చంపారు. ఇళ్లు దోచారు. సోదరుల తలలు షా ఆలం ద్వారా ఔరంగజేబుకు చేరాయి.

ఆ తలలు గోల్కొండకు ఎంత కాలం కొనిపెట్టాయి? సెప్టెంబరులో బీజాపూరు పడిపోయింది. 1687 జనవరిలో ఔరంగజేబు స్వయంగా గోల్కొండ వైపు బయలుదేరి వచ్చాడు. పది నెలలు. షరతుల్లో ఉన్న మంత్రి లేడు, కప్పం మాట అక్కరలేదు, ఇక కావలసింది రాజ్యమే. ఎనిమిది నెలలు ముట్టడి సాగింది. సెప్టెంబరు 21న లోపలివాడే ఒకడు తలుపు తీశాడు. తానీషాను దౌలతాబాదు కోటకు పంపారు, మళ్లీ తిరిగి రాలేదు.

ఖజానాలో ఎంత ఉందో చెబుతానన్నాను. కోట పడిన తరువాత మొగలులు లెక్కపెట్టుకున్న నగదు దాదాపు 7 కోట్ల రూపాయలు. నగలూ వజ్రాలూ బంగారు వెండి సామానూ ఇందులో లేవు. ఎనిమిది నెలల ముట్టడి ఖర్చు పోగా మిగిలినది ఇది. అడిగిన బకాయికి అయిదు రెట్ల పైమాట. కట్టి ఉంటే బతికేవాడు కదా అని నన్ను చాలామంది అడిగారు. 1656లో కోటి ఒప్పుకున్న అబ్దుల్లా కుతుబ్‌షాకు ఆ ఖాతా మూతపడిందా అని నేను వాళ్లను అడుగుతాను. ఈ కోటి ఇరవై లక్షలు కూడా మాదన్న కట్టి ఉండేవాడు, ఆ తరువాత హొన్ను ధర మళ్లీ పెరిగి ఉండేది, తేడా తెమ్మని మళ్లీ ఉత్తరం వచ్చేది. నేను తప్పుపట్టేది కట్టనందుకు కాదు. అంత డబ్బు ఖజానాలో ఉంచుకుని, మల్ఖేడ్‌లో నెలల తరబడి నిలబడిన సేనాపతి ఎప్పుడు అటు తిరుగుతాడో పసిగట్టలేకపోయినందుకు. ఒకప్పుడు ముజఫర్ సరదారులను ఒక్కొక్కరినే తిప్పినవాడికి, తన సరదారు ధర ఎంతో తెలియకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

మొగలులు హైదరాబాదు సుబాలో కొత్త దివానును, కొత్త ఫౌజుదార్లను వేసుకున్నారు. అయితే ఏ ఊరి శిస్తు ఎంతో, ఎవరి పొలం ఎంతో చెప్పవలసి వచ్చేసరికి పిలిపించింది మళ్లీ దేశ్‌ముఖులనూ దేశపాండ్యాలనూ కరణాలనూ. వాళ్లు కట్టలు విప్పి లెక్క చదివారు, తెలుగులో.